సాగనంపని బతుకమ్మ

సుబేదారి, హనుమకొండ
14 అక్టోబర్ 2024

ఫిర్దోస్ ఆపాకు శోభారాణి సలాం చేసి రాస్తున్నది.

ముందు నీ మంచిచెడ్డలు అడగాలి, తర్వాత ఇక్కడ అందరం క్షేమమని రాయాలి. నువ్వూ కాశిఫ్ బాగుండాలని రోజూ అనుకుంటూనే ఉన్నాను. ఇక్కడి క్షేమం మాత్రం రాయలేను, ఒళ్లు మండిపోతోంది. నా ఫోన్ నువ్వు ఎత్తవు. కాశిఫ్‌కు చేస్తే అమ్మీ పండుకున్నది ఆంటీ అని పెట్టేస్తాడు. మిట్టమధ్యాహ్నం కూడా పడుకునే ఉంటావా ఆపా? కాలనీ మీద కోపంలో నన్నూ కలిపేశావని అర్థమైంది. అందుకే కాగితం పట్టుకున్నాను. చదువుతావో చింపుతావో నీ ఇష్టం.

ఈ ఏటి పాట గురించి చెప్పాలి. సద్దుల బతుకమ్మ నుంచి మళ్లీ సద్దుల దాకా దేశంలో ఏమేం జరిగిందో వరుసపెట్టి పాట కట్టడం మన కాలనీ ఆడవాళ్ల అలవాటు కదా. ప్రతి ఏడూ నువ్వు మా మెట్ల మీద కూర్చుని తంగేడు పూలు తుంచుతూ, అది ఇడిసిపెట్టినవ్, ఇది ఇడిసిపెట్టినవ్ అని గుర్తు చేసేదానివి. క్రికెట్ సంగతులు మొత్తం నీవే. ఈసారి ఒక్కదాన్నే కూర్చుని కట్టాను. సొరంగం కూలి లోపల చిక్కుకున్న కూలీలు బతికి బయటికి రావడం దగ్గర మొదలుపెట్టాను. ముందు చేజారిన కప్పు, తర్వాత చేతికొచ్చిన కప్పు రెండూ పెట్టాను. మండుటెండలో నిలబడి ఓట్లు వేయడం, డాక్టరు చదువుల పరీక్ష పేపరు బయటికి పోయి పిల్లలు ఏడవడం, కేరళలో కొండ జారి ఊళ్లు మట్టిలో కలవడం, కలకత్తాలో ఆ డాక్టరమ్మకు జరిగిన ఘోరం, అన్నీ వచ్చాయి. మన పర్వతగిరి వైపు పిల్ల పారిస్‌లో పరుగెత్తి పతకం తెచ్చిన చరణం దగ్గర చప్పట్లు వాటంతటవే పడ్డాయి.

పాటలో ఆఖరిది వాన. సెప్టెంబర్ మొదటి ఆదివారం వాన. దాని గురించి నీకు నేను చెప్పేదేముంది! కాలనీ బోరు మోటర్ ఉన్న గదిలోకి నాలా నీళ్లు వచ్చాయి. హైదరన్న అందులోకి దిగి కరెంటు తగిలి పోయాడు. అన్నం ముందు కూర్చున్న మీ ఆయనకు ఫోన్ వచ్చిందనీ, కాలనీవాళ్లు పిలుస్తున్నరు, ఇప్పుడే వస్త అని పళ్లెం వదిలి లేచాడనీ నువ్వు ఆ రోజే చెప్పావు. ఎవరు చేశారో ఆయన నీకు చెప్పలేదు. ఆ ఫోన్ ఆయనతోపాటే నీళ్లలో పోయింది. ఎవరూ ఆరా తీయలేదు. స్టార్టర్ డబ్బా విప్పి ఉంది, చేతిలో స్క్రూడ్రైవర్ ఉంది అని చెప్పి, వాన సందున రాగితీగ కోసం వచ్చి ఉంటాడని ఎవడో నోరు జారాడు. నాలుగు రోజుల్లో అది కాలనీ మాట అయిపోయింది. తనంతట తానే లోపలికి పోయాడని పోలీసు కాగితాల మీద కూడా ఎక్కింది. కాలనీలో ఏ ఇంట్లో బల్బు వెలుగుతున్నా ఆ తీగ హైదరన్న లాగిందే. అలాంటి మనిషి రాగితీగ దొంగట! కాలేజీలో కాశిఫ్‌ను దొంగ కొడుకన్నారని విన్నప్పుడు ఆ పిల్లలను కాదు, వాళ్లకు ఆ మాట నేర్పిన తల్లిదండ్రులను నిలబెట్టి అడగాలనిపించింది.

నువ్వు ఇల్లు ఖాళీ చేసి మడికొండలో మీ తమ్ముడి దగ్గరికి పోతుంటే ఆటో దాకా కూడా ఎవరూ రాలేదు. నేను వచ్చాను. నువ్వు నా ముఖం చూడలేదు. చూడకపోవడమే న్యాయం అనుకున్నాను. అందుకే పాటలో ఈ నాలుగు ముక్కలు రాశాను.

ఫోన్ జేస్తె వచ్చెనే ఉయ్యాలో
పళ్లెమిడిసి వచ్చెనే ఉయ్యాలో
మన నీళ్ల కోసమే ఉయ్యాలో
హైదరన్న పాయెనే ఉయ్యాలో

పాట చూసి పక్కింటి పద్మ మూతి ముడిచింది. పండుగపూట సావు ముచ్చట ఎందుకు వదినా అంది. మరి కేరళలో పోయినవాళ్లవి చావులు కావా అని అడిగాను. అది దేశం ముచ్చట, ఇది మన ముచ్చట అంది. దేశం ఎక్కడో ఉంటుందట, మన మోటర్ గది దేశంలో లేదట! ఆ మాటకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

నువ్వు పోయాక కాలనీ సంఘానికి కొత్త అధ్యక్షుడు వచ్చాడు. పాట ఆయన దగ్గరికి పోయింది. ఎప్పుడైనా పోయిందా? ఆడవాళ్ల పాట మగవాళ్లకు చూపించి ఆడతామా? ఈసారి మైకులు, లైట్లు సంఘం పెడుతోంది కాబట్టి చూపించాలట. చావు మాట అశుభం అంటాడేమో, మన పండుగ పాటలో తురకాయన పేరెందుకు అంటాడేమో అని నోటి నిండా జవాబులు పెట్టుకుని కూర్చున్నాను. ఆ రెండూ అనలేదు. హైదర్ పేరు ఉండనియ్, మంచోడు అన్నాడు. మొదటి వరుస ఒక్కటే తీసేయమన్నాడు. ఎవలు ఫోన్ జేసిండ్రని రాస్తున్నవ్, నువ్వు చూసినవా, తానే వచ్చెనే అని రాయి, పాట ఎక్కడా ఆగది అన్నాడు.

తానే వచ్చాడంటే దాని అర్థం ఏమిటో కాలనీలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. పేరు ఉంచి పరువు తీయడం అన్నమాట. మాట మార్చను, ఇష్టముంటే పాడండి, లేకుంటే మీ డీజే పెట్టుకుని ఎగరండి అని లేచి వచ్చాను. ఆ రోజు నుంచి ఆ పెద్దమనిషితో మాట మానేశాను.

సద్దుల నాడు ఏం చేశారో చెప్పనా? పాట అచ్చు వేయించి ఆడవాళ్లందరికీ పంచారు. నా పాటే, నా పేరే కింద ఉంది. ఆ వరుస మాత్రం మారిపోయింది. నేను గొంతెత్తి ఫోన్ జేస్తె వచ్చెనే అంటుంటే చుట్టూ ఉన్నవాళ్లు కాగితం చూసి తానే వచ్చెనే అని పాడారు. హైదరన్న ఫ్యాను బిగించిన ఇళ్లవాళ్లు, పండుగకు సీరియల్ లైట్లు ఊరికే కట్టించుకున్నవాళ్లు, పట్టుచీరలు కట్టుకుని, నవ్వుకుంటూ, చప్పట్లు కొడుతూ పాడారు ఆపా! కొందరికి ఏం పాడుతున్నారో కూడా తెలియదు, కాగితంలో ఉంది కాబట్టి పాడారు. వాళ్లమీదే నాకు ఎక్కువ కోపం.

నేను వలయంలో నుంచి బయటికి వచ్చేశాను. నా బతుకమ్మను నెత్తిన పెట్టుకున్నాను. అందరూ చెరువుకు అనుకున్నారు. నేను ఇంటి దారి పట్టాను. సమ్మమ్మ పెద్దమ్మ వెంటపడి కొంగు పట్టుకుంది. గౌరమ్మను నీళ్లల్ల సాగనంపకుంట మళ్లీ ఇంటికి తీస్కపోతరా బిడ్డా, ఎన్నడన్న ఉన్నదా అని ఏడ్చింది. లేదు పెద్దమ్మా, పిలిస్తే వచ్చినవాణ్ని దొంగను చేయడం కూడా ఎన్నడూ లేదు అన్నాను. తెచ్చి దేవుడి గూటి ముందు పీట మీద పెట్టాను. ఇప్పటికీ అక్కడే ఉంది. గునుగు పూల రంగు దిగి పళ్లెం అంతా మరకలైంది, బంతిపూలు కుళ్లిన వాసన వస్తోంది. ఇంటి మగవాడికి కీడని వాడంతా చెవులు కొరుక్కుంటోంది. మలీద ముద్దలు పంచకుండా అట్లాగే ఉండిపోయాయి. ఇంట్లో ఎవరికీ ముద్ద దిగడం లేదు. నాకూ భయం లేదని కాదు ఆపా. పుట్టినప్పటి నుంచి మొక్కుతున్న తల్లి. కానీ అబద్ధం పాడిన నోళ్ల మధ్య నుంచి ఆమెను ఎట్లా సాగనంపను? ఫోన్ చేసినవాడెవడో నోరు విప్పి చెప్పేదాకా నేను ఆమెను కదపను.

నువ్వు ఒక్క పని చెయ్. హైదరన్న ఫోన్ మాట్లాడేటప్పుడు అన్నా అన్నాడా, సార్ అన్నాడా, ఏ మాట నీ చెవిన పడినా జర గుర్తు చేసుకుని కాశిఫ్‌తో నాకు చెప్పించు. వాడు తల దించుకోవలసిన పని లేదని చెప్పు. బీపీ మందులు ఆపకు. దవాఖానకు తోడు కావాలంటే నేనొస్తాను, నాతో మాట్లాడకపోయినా సరే, పక్కన నడుస్తాను.

నీ కోపమంత కోపంతో,
నీ చెల్లెలు
శోభారాణి

తా.క. ఉత్తరం రాత్రే మడిచాను. ఈ పొద్దున పోస్టు డబ్బా దాకా పోయి వెనక్కి వచ్చి మళ్లీ విప్పాను. అధ్యక్షుడు, పెద్దమనిషి అని రాశాను కానీ పేరు ఎక్కడా రాయలేదు. సిగ్గుతో చెయ్యి ఆడలేదు. ఆ కుర్చీలో కూర్చున్నది మా ఆయన రాంప్రసాద్.

ఇందాక ఆ వాడిన పూల ముందు నిలబడి, నీ కాళ్లు మొక్కుత శోభా, దీన్ని చెరువుల ఇడిసిరా అన్నాడు. ఎవరు పిలిచారో తేలేదాకా కదలదన్నాను. పీట పక్కనే కూలబడ్డాడు. నేనే పిలిసిన అన్నాడు. నీళ్లొస్తున్నయ్, స్టార్టర్ ఇప్పి పైకి తియ్యి, మెయిన్ బంద్ చేసిన అని హైదరన్నకు ఫోన్‌లో చెప్పాడట. మెయిన్ బంద్ చేయలేదు. చేసినననుకున్నా అంటున్నాడు. తర్వాత దొంగ అనే మాట పుడితే దాని చాటున దాక్కున్నాడు. అధ్యక్షుడైందీ ఆ సంగతి ఎవరూ కదపకుండా చూసుకోవడానికేనట. మీ ఇంట్లో రంజాన్‌కు నీ చేతి షీర్‌ఖుర్మా రెండు గిన్నెలు తాగే మనిషి! ఇన్నాళ్లు ఆయన పక్కన కూర్చునే నేను ఊరందరినీ తిట్టాను.

రేపు పొద్దున పోలీస్ స్టేషన్‌కు పోతున్నాను. తానూ వస్తానన్నాడు, తెల్లారేసరికి మనసు మార్చుకున్నా మార్చుకుంటాడు. వచ్చినా రాకపోయినా నేను పోతాను. అక్కడ నా వివరాలు అడుగుతారు కదా. భర్త పేరు అడిగినప్పుడూ, హైదర్‌ను పిలిచింది ఎవరని అడిగినప్పుడూ ఒకే పేరు చెబుతాను.