తీగ చుట్టింది నేను

మొగుడివని ఇన్నాళ్లూ ‘మీరు’ అన్నాను. పోయావు కనుక ఇక ‘నువ్వు’ అనే రాస్తాను.

మన రాయగడ షాపులో కాలిన మోటార్లకు పదేళ్లు తీగ చుట్టింది నేను. మేస్త్రీనని చెప్పుకున్నది నువ్వు. జీతం అడిగితే, “ఆడదానివి, నీకేటి జీతం?” అన్నావు.

నీ తర్వాత షాపు మూతపడింది. పోయిన వారం తెరుబలి ఫ్యాక్టరీలో పని అడిగితే కాంట్రాక్టరు, “మీ ఆయన సేతిపని బంగారమమ్మా. నువ్వు హెల్పరుగా సేరు” అన్నాడు. ఒళ్లు మండింది. కాలిన మోటారొకటి ఇమ్మని, అతని ఎదుటే చుట్టాను. చప్పుడు లేకుండా తిరిగింది.

“అచ్చం ఆయన సెయ్యే!” అన్నాడు.

“ఆయనెప్పుడూ సుట్టలేదు బాబూ. అన్నీ నేనే సుట్టేను” అన్నాను.

మోటారు ఆపి, మళ్లీ తిప్పి చూశాడు. ఆఖరికి మేస్త్రీ జీతానికే రాసుకున్నాడు.

ఇవాళ నీ సంవత్సరీకం. సెలవు పెట్టమని మీ అమ్మ ఏడ్చింది. నేను పెట్టలేదు. డ్యూటీకి వచ్చేశాను.