గాలి సోకిన పిల్ల

పెదనాన్నకు,

డిగ్రీ చదివి గదిలో ఒంటరిగా కూర్చుంటే మన ఇంట్లో బుద్ధిమంతురాలంటారు. రేవులో ఎండుచేపలు తిరగేసే ఆడవాళ్లతో కలిసి పాడితే మాత్రం గాలి సోకిందంటారు. నాన్న భూతవైద్యుడు అసిరయ్యను పిలిపించారు.

ఆయన నన్ను ముగ్గులో కూర్చోబెట్టి జముకు మోగించగానే, చూడవచ్చిన రేవు ఆడవాళ్లంతా ఆ దరువుకు పాట ఎత్తుకున్నారు.

"నీ గొంతు లేకపోతే పాట బోడిగున్నాదే, లెగు!" అంది వాళ్లలో కూర్మమ్మత్త.

లేచి పాడాను. అందరి గొంతుల్లో నాది ఎక్కడుందో నాకే తెలియలేదు. అంత నిబ్బరంగా నేనెప్పుడూ లేను.

ఇప్పుడు అసిరయ్య రోజూ రేవుకు వచ్చి మాకు వాయిస్తున్నాడు. ఆయనకూ గాలి సోకిందని నాన్న ఇంకో వైద్యుణ్ణి వెతుకుతున్నారు.

"ఈపాలి సన్నాయోణ్ణి సూడమను మీ అయ్యని," అంటోంది కూర్మమ్మత్త.

మీరు నన్ను విశాఖలో పిచ్చి డాక్టరుకు చూపించడానికి సోమవారం వస్తానన్నారట. మీరు రావద్దు. నేను పాడటం మానను.