వదలని స్టార్టర్

మార్చి 4, సోమవారం

బండి స్టార్ట్ కాకపోతే అదో రకం. ఇవాళ స్టార్ట్ అయ్యాక కూడా స్టార్టర్ ఆగలేదు. కీ వదిలాను. పూర్తిగా బయటికి లాగేశాను. ఇంజన్ ఆగింది, స్టార్టర్ మాత్రం కర్రుమంటూ తిరుగుతూనే ఉంది. కీ నా చేతిలో, మోత నా కాళ్ళ కింద. కాసేపటికి దానంతటదే ఆగింది.

వ్యాన్ వెనక సీట్లో డయాలసిస్‌కి వెళ్ళే పేషెంట్లిద్దరు. టీచరమ్మ కళ్ళు గట్టిగా మూసుకుంది. మీటర్ బాబాయ్ చెవి ఒగ్గి విన్నాడు. ఒకప్పుడు బళ్ళకి వైరింగ్ చేసేవాడు. కిడ్నీలు పోయినా జేబులో టెస్టింగ్ మీటర్ మానలేదు, అందుకే ఆ పేరు. స్టార్టర్‌లో చిన్న పళ్ళచక్రం ఉంటుందట. ఇంజన్ అందుకోగానే అది వెనక్కి తప్పుకోవాలట. ఇది పొమ్మన్నా పోని చుట్టంలా ఉందమ్మాయ్ అన్నాడు.

మార్చి 6, బుధవారం

మళ్ళీ అదే, ఆస్పత్రి గేటు ముందు.

బాబాయ్ కిటికీలోంచి చెబుతుంటే బండి కింద దూరాను. ముందు న్యూట్రల్, హ్యాండ్ బ్రేక్. తర్వాత స్టార్టర్ మీదున్న సోలినాయిడ్‌కి, అంటే దానికి కరెంటు కలిపే డబ్బాకి, వచ్చే సన్న వైరు పీకమన్నాడు. ఆగితే తప్పు కీ దగ్గరో రిలే స్విచ్‌లోనో. ఆగకపోతే సోలినాయిడ్ లోపలే. పీకాను. ఆగలేదు. సీటు కింద బ్యాటరీ కేబుల్ విప్పితే గానీ చావలేదు. లోపలి రాగి బిళ్ళలు కాలి అతుక్కుపోతున్నాయట. రిపేరు లేదు, మార్చాల్సిందే. ఇలాగే తిప్పితే ఏదో రోజు వైర్లు అంటుకుంటాయి, అప్పుడు స్పానర్ వెతుక్కునే టైముండదు అన్నాడు.

అంత మాట్లాడేసరికే ఆయాసం వచ్చి సీట్లో వాలిపోయాడు.

మార్చి 7

ఓనర్‌కి చెప్పాను. నువ్వెప్పుడు మెకానిక్కువయ్యావ్ అన్నాడు. సుత్తితో రెండు తగిలిస్తే అదే వదులుతుందట. దారిలో ఇంజన్ ఆపొద్దట. డ్రైవర్లకేం కరువా అని కూడా అన్నాడు. తాళాలు తీసుకుని వచ్చేశాను. ఇంట్లో ఇద్దరు పిల్లలు. సంపాదన నా ఒక్కదానిదే.

మార్చి 8, సాయంత్రం 5

చేతులు ఇంకా కాలిన వాసన వేస్తున్నాయి.

తిరుగు దారిలో సిగ్నల్ దగ్గర ఇంజన్ ఆగిపోయింది. వెనక హారన్లు. కీ తిప్పాను. పట్టుకుంది, వదల్లేదు. పొగ. టీచరమ్మ తనంతట తాను దిగలేదు. ఆవిణ్ణి ఎత్తుకుని ఫుట్‌పాత్ మీద కూర్చోబెట్టి తిరిగి చూస్తే బాబాయ్ ఇంకా లోపలే ఉన్నాడు. ముందు సీటు పైకి లేపి, రెండు చేతులతో కేబుల్‌ని మెలితిప్పి లాగుతున్నాడు. ఎడమ చేతికి ఫిస్టులా ఉంది. సూదులు గుచ్చడానికని ఆపరేషన్ చేసి రక్తనాళాలు కలిపిన చోటు అది. ఆ చేత్తో మంచినీళ్ళ బాటిల్ కూడా ఎత్తడు. బాబాయ్ దిగు దిగు అని అరిచాను. నిప్పురవ్వలు. కేబుల్ ఊడింది. మోత ఆగింది.

అప్పుడు చూశాను, సూదులు తీసిన చోట ప్లాస్టర్ ఊడి రక్తం చిమ్ముతోంది. స్కార్ఫ్ తీసి బలమంతా పెట్టి కట్టాను. ఆయన నవ్వుతున్నాడు. చూశావా అమ్మాయ్, చెయ్యి పని మర్చిపోలేదు అన్నాడు.

ఆస్పత్రికి వెళ్దామంటే వద్దన్నాడు. రక్తం ఆగిందిగా అన్నాడు. సరేనని వేరే బండిలో ఇంటికి చేర్చాను.

మార్చి 11, సోమవారం

ఓనర్ ఇచ్చిన ఇంకో వ్యాన్‌లో తీసుకెళ్ళాను. నర్స్ బాబాయ్ చేతి మీద స్టెతస్కోప్ పెట్టింది. జరిపి జరిపి పెట్టింది. ఫిస్టులాలో రక్తం హోరు వినిపించాలి. ఏమీ లేదు. గడ్డకట్టేసింది.

చేతి మీద నా స్కార్ఫ్ అచ్చు ఇంకా కమిలి ఉంది. ఎవరు కట్టారండీ ఇంత బిగించి, ఎవరైనా ఇలా కడతారా అని కేకలేసింది. బాత్రూంలో పడ్డాను, నేనే కట్టుకున్నా అన్నాడు బాబాయ్, నా వైపు చూడకుండా. నేను గుమ్మంలోనే ఉన్నాను. నోరు మెదపలేదు.

ఆ చెయ్యి ఇక పనికిరాదని, డయాలసిస్ కోసం మెడలో ట్యూబు వేశారు.

మార్చి 15

ఓనర్ కొత్త స్టార్టర్ వేయించాడు. కీ వదలగానే తప్పుకుంటోంది. బాబాయ్‌కి చెప్తే కళ్ళు తెరవకుండానే ఊఁ అన్నాడు. ఎండలో కూడా చలి అంటున్నాడు.

మార్చి 18

ట్యూబు దగ్గర ఇన్ఫెక్షన్. ఐసీయూ. లోపలికి బాబాయ్ వాళ్ళావిడని, పిన్నిని ఒక్కదాన్నే రానిచ్చారు.

మార్చి 20

బాబాయ్ పోయాడు.

మార్చి 22

పిన్నికి చెప్పేశాను. కట్టింది నేనని, నర్స్ అడిగితే దొంగలా నిలబడ్డానని.

ఆవిడ బాబాయ్ చొక్కాలు మడతపెడుతోంది. చేతులు ఆగలేదు. ఆ రోజే చెప్పాడు అంది. కేబుల్ ఎలా పీకాడో ఇంటికొచ్చి మళ్ళీ మళ్ళీ చెప్పాడట. రోగం వచ్చాక ఎన్నడూ లేనిది రెండు ముద్దలు ఎక్కువ తిన్నాడట. కట్టు వదులు చేస్తానంటే, కదిపితే మళ్ళీ కారుతుంది, తెల్లారి చూద్దాంలే అన్నాడట. నేనూ ఊరుకున్నానమ్మా అంది.

తిట్టి ఉంటే బాగుండేది.

మార్చి 25, సోమవారం

అలవాటు కొద్దీ వాళ్ళ గేటు ముందు ఆపాను. పిన్ని తలుపు తాళం వేసి వచ్చి, వ్యాన్ ఎక్కి కూర్చుంది. టీచరమ్మ జరిగి చోటిచ్చింది. టీచరమ్మ డయాలసిస్ అయ్యేదాకా పిన్ని వార్డు బయట బెంచీ మీద కూర్చుంది. తిరిగి తెచ్చి దింపాను.

ఎల్లుండి ఎన్నింటికి వస్తావంది.