సమ్మెట పక్కింట్లో ఇచ్చేయండి

ఏమండీ,

షెడ్డులోకి చెప్పుల్లేకుండా అడుగుపెట్టకండి. నేలంతా ఆయిలు, ఇనుప పెచ్చులు. గోడవారనున్న సమ్మెట పక్కింటి వెల్డరు గారిది, తుడిచి ఇచ్చేయండి.

కారు ఇంజను పగలగొట్టింది నేనే. బాగుచేయించాలా, మార్చాలా అని మూడు నెలలుగా నానుస్తూనే ఉన్నారు. మార్చేయమని మెకానిక్కే నెత్తీనోరూ కొట్టుకుని చెప్పినా మీరు వినలేదు. "ఇంకొన్నాళ్ళు లాగుతుందిలే" అన్నారు. నిన్న అది రైలు పట్టాల మీద ఆగిపోయింది. వెనకసీట్లో పాప బెల్టు ఎంతకీ ఊడలేదు. పిచ్చిదానిలా లాగితే దాని భుజం మీద తోలు లేచిపోయింది. గేటుమనిషి ఎర్రజెండా పట్టుకుని పరిగెత్తాడు కాబట్టి రైలు పదడుగుల దూరంలో ఆగింది.

కారు నెట్టించుకుని ఇంటికొచ్చి చెబితే మీరన్న మాట, "ఏం కాలేదుగా!"

ఇప్పుడైంది. ఇంజను బ్లాకు నిలువునా పగిలింది. దాన్ని ఇక ఏ మెకానిక్కూ అతకలేడు. మేం అక్క వాళ్ళింట్లో ఉంటాం. కొత్త ఇంజను వేయించి, ఆ బెల్టు కూడా మార్పించాకే రండి. అన్నం వండి పెట్టాను, తినండి.

చివరి దెబ్బలు నావి కావు. పాప తనూ కొడతానంటే సమ్మెట నేను పట్టుకుని, దాని మంచి చెయ్యి వేయించాను. ప్రతి దెబ్బకీ "ఏం కాలేదుగా, ఏం కాలేదుగా" అంటూ కొట్టింది.