నెట్‌వర్క్ కార్డు నుదుట బొట్టు

9 నవంబరు 1998, సోమవారం

ఉదయం 7. నిర్ణయం తీసుకున్నాను! పన్నెండు కంప్యూటర్లకూ విండోస్ ఎన్.టి. ఎక్కిస్తాను, ఒక్క కీ కూడా నొక్కకుండా. ఇన్‌స్టాలేషన్ అడిగే ప్రతి ప్రశ్నకూ జవాబు ముందే ఒక ఫైలులో రాసి ఫ్లాపీలో పెడతాను. సి.డి., ఫ్లాపీ దూర్చి పుస్తకం తెరుస్తాను. మిగతా చాకిరీ యంత్రానిది.

రెండో నిర్ణయం: భాస్కరరావును ఏమీ అడగను.

వాడెవడో రాసి ఉంచాలి. కార్పొరేషన్‌లో నా కింద పనిచేశాడు. నేను రాసిన జీతాల ప్రోగ్రాముకు శాలువా వాడు కప్పించుకున్నాడు, అదీ నా రిటైర్మెంటు సభలో. ఇప్పుడు షాద్‌నగర్‌లో ఏదో ఫ్యాక్టరీకి సలహాదారు. వచ్చే మంగళవారం తనిఖీవాళ్లు వచ్చేసరికి మిషన్లు ఒకదానితో ఒకటి మాట్లాడకపోతే, ఈ శంషాబాద్ కాలేజీ ల్యాబ్ వాడికే ఇస్తానని కరస్పాండెంట్ మొగులయ్య నా మొహం మీదే చెప్పాడు. నేను మాత్రం ఇంటికి పోలేను. ఇంట్లో పగలంతా టీవీ మోగుతుంది.

11 గంటలు. కార్తీక సోమవారమని మిషన్లకు పూజ. మొగులయ్య విమానాశ్రయం వస్తుందన్న పుకారు మీద పొలం అమ్మి కాలేజీ కట్టినవాడు. పుకార్లనూ దేవుళ్లనూ సమానంగా నమ్ముతాడు. డబ్బాల మూతలు విప్పించాడు. అటెండరు తారాబాయి కుంకుమ గిన్నె పట్టుకుని నిలబడిపోయింది.

"బొట్టు యాడ పెట్టాలె సారూ? దీనికి మొకమే లేకపాయె."

నేను నాస్తికుణ్ణి. అయినా తెలిసింది చెప్పకుండా ఉండలేను. పక్క మిషన్లతో మాట్లాడేది నెట్‌వర్క్ కార్డు కనుక అదే ముఖమనీ, దాని నడుమనున్న నల్ల చిప్పు నుదురనీ చిన్న ఉపన్యాసం ఇచ్చాను.

"సారుకు తెల్వంది లేదుల్లా!" అన్నాడు మొగులయ్య.

తారాబాయి పన్నెండు నుదుళ్ల మీదా నూనెలో కలిపిన కుంకుమ దట్టంగా అద్దింది.

10, మంగళవారం

ఈ కార్డు ఎన్.టి. సి.డి.కి పరిచయం లేని రకం. కార్డు పెట్టెలో వచ్చిన డ్రైవరును, అంటే కార్డును నడిపే ప్రోగ్రామును, నా ఫ్లాపీలో చేర్చాను. జవాబుల ఫైలులో కార్డు పేరు, డ్రైవరు ఉన్న చోటు రాశాను.

మధ్యాహ్నం 2. మొదటి మిషన్ దానంతటదే పూర్తయింది!! నేను నలభై పేజీలు చదివాను. భాస్కరరావు పుట్టక ముందే నాలో ఇంజనీరు ఉన్నాడు.

11, బుధవారం

రెండో మిషన్ ఆగింది. కార్డు కనబడటం లేదట. మూడోదీ అంతే.

కారణాలు: హైవే మీద లారీల అదురు. మొగులయ్య వేయించిన కరెంటు వైరింగు. తారాబాయి ఊడ్చేటప్పుడు లేచే దుమ్ము. నా తప్పు ఉండే అవకాశం పరిశీలించాను. లేదు.

12, గురువారం

ఎంటర్ ఒక్కసారి నొక్కాను. ఒక్క ఎంటర్ కీబోర్డు ముట్టుకోవడం కిందికి రాదు. తర్వాత ఇంకో నాలుగు. అవీ రావు.

లైబ్రరీలో ఏదైనా మాన్యువల్ దొరుకుతుందేమోనని వెళ్లాను. లైబ్రరీకి తాళం ఉంది, బోర్డు ఉంది. పుస్తకాలు లేవు.

13, శుక్రవారం

మూతలు విప్పి కార్డులను పక్కపక్కన పెట్టి చూశాను. కార్డులు వచ్చిన పెట్టెలన్నీ ఒకటే. కార్డులు కావు! ఒకదానికి రెండు దీపాలు, ఒకదానికి ఒకటి, కొన్నిటికి అసలు లేవు. సికింద్రాబాద్ దుకాణంవాడు చేతికందినవి కుక్కి పంపాడు. ఏది ఏ రకమో తెలిస్తే దానికి తగిన డ్రైవరు పెట్టవచ్చు. ఆ సంగతి తెలిపే నంబరు ఒక్కచోటే ఉంటుంది, చిప్పు మీద.

చిప్పు మీద బొట్టు.

నేనే పెట్టించిన బొట్టు. భూతద్దంతో చూశాను. ఎర్రగా, పెద్దగా కనిపించింది.

14, శనివారం

భాస్కరరావుకు ఎస్.టి.డి. బూత్ నుంచి ఫోన్ చేశాను. కుశలం కోసమే.

"చిప్పు మీద నంబరు చదవండి గురువుగారూ, అంతే కదా! కళ్లు ఆనడం లేదా?"

ఆనుతున్నాయన్నాను.

"మరేమిటండీ అడ్డం?"

ఫోన్ పెట్టేశాను. ఆ జవాబు వింటే వాడు బతికినన్నాళ్లూ చెప్పుకుంటాడు.

సాయంత్రం 4. రుమాలు తడిపి మొదటి బొట్టు తుడుస్తుండగా తారాబాయి గుమ్మంలో నిలబడి ఉంది.

"అయ్యో సారూ! పెట్టిన బొట్టు తుడుస్తరా ఎవరన్న? గది ఏం పాపం జేసింది?"

"ఇది యంత్రం, తారాబాయ్."

"మొన్న మొకం అంటివి, నుదురు అంటివి. ఇయాల యంత్రమాయెనా?"

వాదన మధ్యలో వదిలి రుమాలు జేబులో పెట్టుకున్నాను. అరవై రెండేళ్లలో ఇదే మొదటిసారి.

15, ఆదివారం

మొగులయ్య ఇంటికి పిలిపించాడు.

"తనిఖీ ముంగట బొట్టు తుడిచినవంట. గింత అపశకునం ఎవడన్న జేస్తడా?"

నంబరు సంగతి వివరించాను. ఆలోచించాడు.

"సరే, తుడువు. గని మళ్లా నువ్వే పెట్టాలె. తానం జేసి, ధోతి గట్టుకొని, మంత్రం జదివి. లేకుంటే చెప్పు, రేపే భాస్కరరావును పిలిపిస్త."

నలభై ఏళ్లుగా గుడి మెట్టు ఎక్కని మనిషిని. ధోతి ఎవరింట్లోనైనా దొరుకుతుందా అని అడిగాను.

16, సోమవారం

బొట్లు తుడిచాను. నంబర్లు రాసుకున్నాను. మూడు రకాలు. మిగతా రెండు రకాలకూ డ్రైవర్లు ఎన్.టి. సి.డి.లోనే ఉన్నాయి. మొగులయ్య పీట వేయించి ఎదురుగా కూర్చున్నాడు. మంత్రాలు రావు. జవాబుల ఫైలు కాగితం మీద అచ్చు తీసి ఉంది. కళ్లు సగం మూసి, దాన్నే మొదటి వరుస నుంచి రాగం తీసి చదివాను. మొగులయ్య లెంపలు వేసుకున్నాడు. బొట్లు ఈసారి మూత మీద పెట్టాను.

పూజ ఒంటిగంట దాకా సాగింది. రకానికో ఫ్లాపీ చేస్తే మిషన్లు మళ్లీ వాటంతటవే నడుస్తాయి. అంత వ్యవధి లేదు. ధోతితోనే కూర్చుని మిగిలిన పదకొండింటికీ జవాబులు పది వేళ్లతో కొట్టాను.

17, మంగళవారం

తనిఖీవాళ్లు వచ్చారు. ఒక మిషన్‌లోని ఫైలు ఇంకో మిషన్‌లో తెరిచి చూపించాను. ముచ్చటగా ఉందన్నారు. టీ తాగారు. వెళ్లారు. పాసయ్యాం!

18, బుధవారం

మొగులయ్య నియామకం కాగితం ఇచ్చాడు.

"భాస్కరరావుకు ఫోన్ జేసి వద్దన్న సారూ. గాయనకు కంప్యూటర్ ఒక్కటే వస్తది. నీకు మంత్రం గూడ వస్తది. గా గొంతు వినంగనే నాకు ధైర్యమొచ్చింది. ఇంకో ఇరవై మిషన్లు దెప్పిస్తున్న. పూజ నీదే."

భాస్కరరావును ఓడించాను. ఎలా ఓడించానో వాడికి తెలియకూడదు.

రాత్రి 8. నిర్ణయం. ఇరవై మిషన్లకూ కీబోర్డు ముట్టుకోను. పెట్టెలను నమ్మను, కార్డులు ముందే చూసి, రకానికో ఫ్లాపీ, రకానికో జవాబుల ఫైలు. ఎవరినీ అడగను. ఫైళ్లు రాయడం రేపు ఉదయమే మొదలుపెట్టేవాణ్ణి.

రేపు అమావాస్య. శుక్రవారం మొదలుపెడతాను.