గోబర్ గ్యాసుకు తోడు పెట్టిన సూర్రావు

1997 ఆగస్టు, మంగళవారం. కరెంటు లేదు, లాంతరు ఉంది.

పెరట్లోని గోబర్ గ్యాసు పొయ్యి ఈ ఉదయం మళ్ళీ వెలిగింది. మూడు వారాలుగా మా ఆవిడ కొబ్బరి మట్టల పొగలో వండుతూ మాట మాటకీ దగ్గుతోంది. ఆ దగ్గు వినలేకే కదా అసలు గ్యాసు గొయ్యి తవ్వించింది! అది చల్లారిపోతే గేదెను తిట్టాను, వానను తిట్టాను.

రెండు వారాల క్రితం పక్కింటి సూర్రావు వచ్చి గొయ్యి వాసన చూశాడు.

"పశువులశాల దేంతో కడుగుతున్నారండీ, బాబాయిగారూ?"

"ఫినాయిలుతో. శుభ్రం కదా!"

"ఆయ్, శుభ్రమేనండీ. ఆ నీళ్ళు గొయ్యిలోకెళ్ళి, పేడని పులియబెట్టే పురుగుల్ని చంపేశాయండీ."

ఆ పూటే కొంత పాత పేడనీళ్ళు తోడేసి, తన గొయ్యిలోంచి నాలుగు బిందెలు మోసుకొచ్చి, పాలకు తోడు పెట్టినట్టు పోశాడు. తాటిపాక వైపు చమురు బావుల దగ్గర గ్యాసు మంట ఆకాశానికి లేస్తుంటే లోకానికి కొదవేమిటనుకునేవాణ్ణి. అదీ ఒకనాటికి అయిపోతే...? సరే, నా పొయ్యి సంగతి.

ఫినాయిలు మాట ఆవిడకు నేనైతే చెప్పలేదు. ఇవాళ మొదటి కాఫీ సూర్రావుకిచ్చింది.

"ముందు నువ్వు తాగు నాయనా, పేడ మోసినవాడివి. ఫినాయిలు పోసి, పాపం, నోరులేని గేదెమీదకి తప్పు తోసిన ఈ పెద్దమనిషికి తర్వాత ఇస్తాను."

అంత పొడుగు దెప్పుడు, మధ్యలో ఒక్క దగ్గు లేదు. ఇంకో నాలుగు తిట్టినా బాగుండుననిపించింది.