కమాన్ కట్టలు మార్చిన సంగతి

న్యూఢిల్లీ,
18 జూలై 1982, ఆదివారం.

చి.ల.సౌ. సీతారత్నానికి,

ఇక్కడ నా ఒంట్లో బాగానే ఉంది. నువ్వూ, పిల్లలూ, అమ్మా తునిలో కులాసాగా ఉన్నట్టు నీ ఉత్తరం వల్ల తెలిసింది. పార్సిల్లో పంపిన కందిపొడి డబ్బా చేరింది. మూత కొంచెం లొత్తపోయింది గాని పొడి ఒలికిపోలేదు. వాన ఇంకా సరిగ్గా పడలేదు. ఏషియాడ్ ఆటల కోసం ఎటు చూసినా తవ్వుతున్నారు, దుమ్ముకి హాస్పిటల్ కిటికీలు తెరవడం లేదు.

నువ్వు అడిగినవాటికి వరసగా జవాబు రాస్తాను. పెద్దమ్మాయిని టైపు నేర్చుకోనివ్వు, షార్ట్‌హ్యాండు తర్వాత చూద్దాం. అమ్మ కంటికి పొర ముదరలేదన్నారు కాబట్టి చలికాలం దాకా ఆగవచ్చు. నా నడుం నొప్పి ఉంది, ఎక్కువ కాలేదు.

ఇక నాలుగో ప్రశ్న. ఆదివారాలు కూడా బండి కింద పడుకుంటున్నానని హనుమయ్య భార్య నీకు రాసిందట. "మిలిటరీలో ఉన్నప్పుడు కూడా లేని పిచ్చి ఇప్పుడెందుకు" అని అడిగావు. న్యాయమైన ప్రశ్నే. నాలుగు నెలలుగా నేను దాటేస్తూ వచ్చాను.

బండి సంగతి నీకు కొంత తెలుసు. నేను సైన్యం నుంచి రిటైరై ఈ ధర్మాసుపత్రిలో డ్రైవరుగా చేరేనాటికే సైన్యం వేలంలో వాళ్లు కొన్న పాత జీపు పికప్పు ఉంది. నాలుగు చక్రాలకీ ఇంజను బలం అందే బండి. బదర్‌పూర్ అవతల కొండల్లో రాతి క్వారీలున్నాయి. అక్కడికి వేరే బండి ఎక్కదు. వారానికి మూడు రోజులు మందులూ, నీళ్ల డ్రమ్మూ, డాక్టరమ్మనీ తీసుకెళ్తాను. దెబ్బ తగిలినవాళ్లని వెనక స్ట్రెచర్ మీద తెస్తాను.

డాక్టరమ్మ పేరు జానకీదేవి. వాళ్లది తెనాలి వైపు, పుట్టి పెరిగింది కరోల్‌బాగ్‌లో. తెలుగులో మాట్లాడితే హిందీలో జవాబు చెబుతుంది. మార్చి నెలలో ఒకరోజు నన్ను పిలిచి, "పెద్దిరాజు గారూ, ఆప్ కభీ పీఛే లేటే హైఁ?" అంది. వెనక ఎప్పుడైనా పడుకున్నారా అని. ఆరేళ్లుగా ఆ బండి నడుపుతున్నాను. ఒక్కసారి కూడా పడుకోలేదు.

ఆ ఆదివారం కంటోన్మెంట్ వర్క్‌షాపు నుంచి మెకానిక్కు హనుమయ్యని పిలిచాను. నేను స్ట్రెచర్ మీద పడుకుని బెల్టు కట్టించుకున్నాను, అతను క్వారీ దారిలో నడిపాడు. మొదటి గుంతకే తల వెనక్కి కొట్టుకుంది. రెండో గుంతకి పళ్ల మధ్య నాలుక పడింది. పడుకున్నవాడికి ముందున్న దారి కనబడదు సీతారత్నం. ఏ దెబ్బకీ సిద్ధంగా ఉండలేడు. రెండు మైళ్లు పోయాక ఆపమన్నాను. హనుమయ్య దిగి వచ్చి చూసి, "ఏమప్పా, మొగమంతా తెల్లగా పాలిపోయిండాదే" అన్నాడు.

వెనక చక్రాల మీది కమాన్ కట్టలే, అంటే బరువు మోస్తూ కుదుపు ఆపాల్సిన ఉక్కు పట్టీల దొంతరలే కారణం. కొత్తవి కశ్మీరీ గేటులో దొరుకుతాయి, ఆ ధరకి హాస్పిటల్ వాళ్లు ఒప్పుకోరు. మాయాపురి తుక్కు బజారులో నాలుగు ఆదివారాలు తిరిగాం. ఒక సర్దార్జీ దుకాణంలో సైన్యం వాళ్లు తుక్కు కింద అమ్మేసిన అంబులెన్సు కట్టలు దొరికాయి. ఒక్కొక్క పట్టీ పల్చన, పొడుగెక్కువ. మందపు పట్టీలు నాలుగు మోసే బరువునే పల్చటివి ఏడు మోస్తాయి, కాని వంగుతాయి. సర్దార్జీ వాటిని నేలమీద పడేసి మోగించి చూపించాడు. హనుమయ్య ఆ మోత వినకుండా ఒక్కొక్కదాన్నీ ఎండకి ఎత్తి పట్టి సన్నటి బీట ఉందేమో వెతికాడు. రెండు పక్కన పెట్టి, "ఇవి వద్దు" అన్నాడు. ఏ బండికి అని సర్దార్జీ అడిగాడు. చెప్పాను. "అచ్ఛా, మరీజోఁ కే లియే?" అన్నాడు. రోగుల కోసమని తెలిశాక ఆ రెండిటికీ బదులు మంచివి తీసి ఇచ్చాడు, బేరం మళ్లీ ఎత్తలేదు.

పట్టీల మధ్య తుప్పు గీకి గ్రీజు పూశాం. ఆయిల్ కారిపోయిన షాకబ్జర్లు తీసి, పాతవే గాని బిగువున్నవి వేశాం. బరువెక్కువైతే కట్టలు మరీ కుంగకుండా పైన రబ్బరు దిమ్మలు బిగించాం. స్ట్రెచర్‌ని నేలకి బోల్టులతో బిగించి ఉంచేవాళ్లం. దాన్ని విప్పి లారీ ట్యూబు కోసిన పట్టీలతో వేలాడదీశాం. ఏప్రిల్ ఆఖరుకి పని అయింది. మళ్లీ నేనే పడుకుని చూశాను. సుఖమని అనను. ఒక మనిషి భరించగలడు.

ఇంతవరకూ నీకు మామూలుగా రాయగలిగినదే. అసలు సంగతి దీనికి ముందరిది.

ఆ బండికి మొదట్లో అంత గట్టి కట్టలు లేవు. కిందటేడు నీళ్ల డ్రమ్ము బరువుకి వెనక భాగం కుంగిపోతుంటే నాకు చిన్నతనంగా ఉండేది. మిలిటరీ మెకానిక్కు నడిపే బండి అలా కూలబడి ఉండటమేమిటని, ఎవరూ అడగకుండా నేనే చెరో పక్క రెండేసి లారీ పట్టీలు ఎక్కించాను. బండి నిటారుగా నిలబడింది. అందరూ బాగుందన్నారు.

ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం క్వారీలో బండ జారి శ్రీరాములు అనే కూలీ మీద పడింది. పాలమూరు జిల్లావాడు, ముప్పై ఏళ్లుంటాయి. ఆరోజు డాక్టరమ్మ రాలేదు. వెనక అతనూ, అతని భార్య మాణిక్యమూ, ముందు నేను ఒక్కణ్ణే. దారి పొడుగునా అతను అరుస్తూనే ఉన్నాడు. "అన్నా, జర నిమ్మళంగ తోలన్నా. నడుము తెగిపోతున్నది. జర ఆపన్నా." నాకు హిందీ తప్ప రాదనుకుని మాణిక్యం తనకు వచ్చిన రెండు ముక్కలు అంటూనే ఉంది: "భయ్యా, ధీరే. భయ్యా, ధీరే." మెల్లగా అని.

నేను "బస్, పహుంచ్ గయే" అన్నాను. వచ్చేశాం అని. ఇంకా ఏడు మైళ్లు ఉంది. తెలుగులో ఒక్క మాట కూడా పలకలేదు. పలికితే, నా భాషవాడు ఆపమంటుంటే ఆపకుండా ఉండలేనేమో అనిపించింది. ఆపితే ఏం చెయ్యాలో నాకు తెలియదు. అంతకంటే నిజం చెప్పాలంటే, ప్రతి కుదుపులోనూ నేను వేసిన పట్టీలే అతనికి తగులుతున్నాయని నాకు తెలుసు. తెలియనివాడిలా ఉండటం తేలికనిపించింది.

ప్రాణం దక్కింది. నడుం కింద స్పర్శ లేదు. వెన్నెముక బండ పడ్డప్పుడే పోయిందో, దారిలో పోయిందో ఎవరూ చెప్పలేరని పెద్ద డాక్టరు అన్నాడు. ఆ మాట నన్ను తప్పించనూ లేదు, తప్పు నాదేనని తేల్చనూ లేదు. మూడున్నర నెలలు అతను ఆ హాస్పిటల్లోనే ఉన్నాడు. నేను ఆ వార్డు వైపు వెళ్లకుండా తిరిగాను. మందుల పెట్టెలు వేరేవాళ్ల చేత పంపేవాణ్ణి.

జూన్‌లో అతన్ని డిశ్చార్జి చేశారు. గుడిసె దగ్గర దింపాల్సింది నేనే. మాణిక్యం స్ట్రెచర్ పక్కన కూర్చుంది. తారు రోడ్డు అయిపోయి కొండదారి మొదలైంది. మొదటి గుంతకి ముందు బండి నెమ్మది చేసి, వెనక్కి తిరగకుండానే, "శ్రీరాములూ, గుంత వస్తోంది, గట్టిగా పట్టుకో" అన్నాను.

మాణిక్యం "అయ్యో, తెలుగాయనా!" అంది.

అతను మాత్రం ఆశ్చర్యపోలేదు. "నాకు ఆ దినమే తెల్సన్నా" అన్నాడు. "గుంతొచ్చినప్పుడల్లా 'ఓరి దేవుడా' అంటుంటివి. నాకంటె ముందు నువ్వే అంటుంటివి."

నేను అన్నట్టు నాకు గుర్తు లేదు. బండి ఆపాను. దిగి వెనక్కి వెళ్లి, పట్టీల సంగతి మొత్తం చెప్పాను. మాణిక్యం కొంగు నోటికి అడ్డం పెట్టుకుని విన్నది. ఇప్పటికీ నాతో సరిగ్గా మాట్లాడదు. అది ఆమె హక్కు.

శ్రీరాములు స్ట్రెచర్ వేలాడే రబ్బరు పట్టీని ఒకసారి లాగి చూశాడు. తర్వాత అన్నాడు: "ఇనుము సంగతి నాకేం ఎర్క అన్నా. తెలుగోడు ఉండి కూడ పలుకుతలేడంటే నేను సచ్చేటట్టే ఉన్న అనుకున్న. దారంత గదే భయం. ఒక్క మాట పలికుంటే సాలు, ఇంత భయం కాకపోవు."

రెండు నెలలు ఇనుముతో నేను చేసిన పనికి అతను వంక పెట్టలేదు. నేను చెయ్యని పని ఏమిటో చెప్పాడు, అంతే. తిరిగి బండెక్కి నడిపాను. గుడిసె దాకా వచ్చే ప్రతి గుంతా, ప్రతి మలుపూ ముందే చెబుతూ వెళ్లాను.

ఇదీ నా పిచ్చి. నీతో చెప్పకుండా ఇన్నాళ్లు ఉండటం తప్పే.

అతనికి సొంత ఊరు వెళ్లాలని ఉంది. అన్న వదినలు ఉన్నారు, రమ్మన్నారు. రైల్లో మోసుకెళ్లడానికి మనిషి కావాలి. అక్టోబరులో నాకు ఇచ్చే సెలవులో నేను వాళ్లని పాలమూరు దాకా దింపి, అక్కడి నుంచి తుని వస్తాను. మన దగ్గర ఉండేది ఆరు రోజులు తగ్గుతుంది. ఏటా ఒక్కసారి వచ్చేదాంట్లో ఆరు రోజులంటే నీకెంతో నాకు తెలుసు. నిన్ను అడగకుండానే వాళ్లకి మాట ఇచ్చాను. కోపం వస్తే రాయి. రాయకుండా మాత్రం ఉండకు.

ఇప్పుడు వెనక రోగి ఉంటే నేను నోరు మూసుకుని నడపడం లేదు. హిందీవాళ్లయితే హిందీలో, బిహారీ వాళ్లయితే వచ్చిన ముక్కల్లో, ముందు ఏముందో చెబుతూ పోతాను. నిన్న ఒక ముసలావిడ, "ఎంత వాగుతాడో ఈ డ్రైవరు" అని డాక్టరమ్మతో ఫిర్యాదు చేసింది.

అమ్మకి నా నమస్కారాలు. పిల్లలకి ముద్దులు.

ఇట్లు,
పిల్లల నాన్న,
పెద్దిరాజు